చాయ్ హోటలు ముచ్చట్లు – ఊరి మనస్సు

ఒక ఊరిని గూర్చి తెలుసుకొనదలచినవారు ముందుగా ఎక్కడికి పోవాలి? పహాణీ పుస్తకాలు తిరగవేస్తే భూమి ఎంత ఉన్నదో తెలుస్తుంది. జనాభా లెక్కలు చూస్తే మనుషులు ఎందరున్నారో తెలుస్తుంది. ఆ మనుషులకు రాత్రివేళ నిద్ర పట్టనీయని చింత ఏమిటో మాత్రం ఏ లెక్కలోనూ దొరకదు. అది తెలియాలంటే తెల్లవారుజామున ఆరు గంటలకు ఆ ఊరి హోటలు ముందు వేసిన బల్ల మీద ఒక మూలగా కూర్చోవాలి. ఒక చాయ్ తెప్పించుకొని, నోరు మూసుకొని, చెవులు తెరచుకొని ఉండాలి. రేడియోలో పని చేసే మాకు మాట్లాడటమే వృత్తి. అయినా, ఏమి మాట్లాడాలో నేర్చుకొన్నది మాత్రం ఇట్టి బల్లల మీదనే అని చెప్పుకొనుటకు మేము సంకోచించము.

కోస్తా జిల్లాలలో కాఫీ హోటలుకు ఎట్టి స్థానం ఉన్నదో, తెలంగాణములో చాయ్ హోటలుకు అట్టి స్థానం ఉన్నది. ఇక్కడి పల్లెలలో హోటలు అంటే భోజనశాల అని అర్థం కాదు. ఒక పొయ్యి, ఒక గిన్నె, రెండు బల్లలు ఉంటే చాలు, అది హోటలే. ఈ ముచ్చటకు మేము నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లిని ఎన్నుకొనుటకు కారణం ఉన్నది. హైదరాబాదు నుంచి సుమారు 85 కిలోమీటర్ల దూరములో, విజయవాడ పోయే రహదారి మీద ఉన్న ఊరు ఇది. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి సూర్యాపేట మీదుగా విజయవాడకు, మరొకటి నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా కృష్ణ దాటి అద్దంకికి పోతుంది. ఆర్టీసీ డిపో ఉన్నది, వైద్య కళాశాల ఉన్నది. పక్కనే చెరువుగట్టు కొండ మీద జడల రామలింగేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. అమావాస్యనాడు ఆ గుట్టకు జనం తండోపతండాలుగా వస్తారు. డ్రైవరు, రైతు, రోగి వెంట వచ్చిన బంధువు, విద్యార్థి, భక్తుడు – ఇందరు కలిసే ఊరిలో మాటకు కరువు ఉండదు.

అయితే మనుషులు కలిసిన ప్రతి చోటా ముచ్చట పుడుతుందని అనుకోరాదు. పూర్వం తొమ్మిదవ నంబరు జాతీయ రహదారిగా ప్రసిద్ధమై, 2010 తరువాత 65వ నంబరును పొందిన ఈ దారి 2012 నాటికి నాలుగు వరుసల రహదారి అయింది. దాని పొడుగునా పెద్ద పెద్ద హోటళ్ళు వెలిశాయి. అక్కడ వందలమంది తింటారు, తాగుతారు. కాని ఒక బల్ల దగ్గరివారు మరొక బల్ల దగ్గరివారితో పలుకరు. వారికి ముందు దారి ఉన్నది, మనస్సు దాని మీద ఉన్నది. ఊరి లోపలి చిన్న హోటలులో నలుగురే ఉండవచ్చు. ఆ నలుగురూ నిన్న వచ్చినవారే, రేపు కూడా వచ్చేవారే. నిన్నటి మాటకు నేడు జవాబు చెప్పుకొనవలసిన అవసరం ఉన్నచోటనే ముచ్చట పాదుకొంటుంది. నోటుపుస్తకములో ఉద్దెర వ్రాసుకొనే హోటలువాడికి ప్రతివాని ఆర్థిక స్థితీ తెలుసు, కష్టసుఖాలూ తెలుసు. ఎవరి ఉద్దెర రెండు నెలలుగా పెరుగుతున్నదో చూస్తే, ఎవరి పంట ఏమైనదో ఆయన చెప్పగలడు.

ఈ చాయ్ మన పల్లెలకు అనాదిగా ఉన్నది కాదు. ఇరానునుంచి బొంబాయి మీదుగా హైదరాబాదు చేరినవారు నగరములో చాయ్‌ఖానాలు తెరచి, కమ్మని పాలతో చిక్కని ఇరానీ చాయ్‌ని జనానికి మప్పినారు. 1930ల తరువాత తేయాకు వ్యాపార సంస్థలు దేశమంతటా ప్రచారం సాగించి, చాయ్ కాచే పద్ధతిని జనానికి నేర్పించాయి. అస్సాములో ఆ దశకములోనే రూపొందిన సీటీసీ యంత్రం తేయాకును నలిపి, చీల్చి, గుండ్రని పలుకులుగా మార్చింది. ఆ పొడి కొద్దిగా వేస్తేనే గాఢమైన రంగు, రుచి దిగుతాయి. ఆ విధంగా ధనికుల పానీయం కూలివాని గ్లాసులోనికి చేరింది. అంతకుముందు పల్లెలో నలుగురు కలిసే చోట్లు రెండే: ఒకటి రచ్చబండ, రెండవది కల్లు మండువ. రచ్చబండ వద్ద ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు నిలుచుండాలో ముందే నిర్ణయమై ఉండేది. హోటలు అట్లుకాక, చేతిలో డబ్బు ఉన్న ఎవరికైనా బల్ల మీద చోటు ఇస్తానని వాగ్దానం చేసింది. ఆ వాగ్దానం ఎంతవరకు నిలిచిందో ముందు ముందు చూతము.

ముచ్చటకు ఉన్న బలాన్ని పాలకులు ఏనాడో గుర్తించారు. లండను నగరములో మొదటి కాఫీశాల 1652లో వెలిసింది. అటుపై పావు శతాబ్దం గడవకుండానే, అక్కడ కూర్చున్నవారు ప్రభుత్వాన్ని విమర్శిస్తున్నారని రెండవ చార్లెస్ రాజు 1675 డిసెంబరు నెలలో కాఫీశాలలను మూసివేయవలసిందని ప్రకటించాడు. ప్రజలు గగ్గోలు పెట్టగా కొద్ది రోజులకే ఆ ప్రకటనను ఉపసంహరించుకొన్నాడు. మన నేలలోనూ ఇటువంటి కథ ఉన్నది. నిజాము పాలనలో సభ జరుపుకోవాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి పొందవలెనని నిర్బంధించిన 53వ నంబరు గస్తీ ఉత్తరువును పాతతరంవారు నేటికీ స్మరిస్తారు. సభకు అడ్డు వేయవచ్చు గాని, ఇద్దరు మనుషులు కూర్చుండి చెప్పుకొనే ముచ్చటకు అడ్డు వేయటం కష్టం. ఆ రోజులలోనే 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారి నీలగిరి పత్రిక, 1926లో హైదరాబాదు నుంచి సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక వెలువడినాయి. చదువు వచ్చినవారు అరుదైన కాలములో ఒకరు పత్రికను పైకి చదివితే పదిమంది వినేవారు. ఆ అలవాటే తరువాత హోటలు బల్లకు సంక్రమించింది. హోటలులో ఒక పత్రిక తెప్పిస్తే, దాని పుటలు విడిపోయి నాలుగు బల్లల మీద నాలుగు చర్చలు సాగుతాయి.

దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆకాశవాణిలో చేరి హైదరాబాదు కేంద్రం అయిన పిమ్మట, హోటలుకు మరొక ఆకర్షణ తోడయింది. ఇంటింటా రేడియో లేని ఆ దినాలలో, వార్తల వేళకు హోటలు ముందు జనం గుమిగూడటం చాలా ఊళ్ళలో మామూలు దృశ్యం. వార్తలు పది నిమిషాలు సాగితే, వాటి మీద వ్యాఖ్యానం గంటసేపు సాగేది. ప్రసారమైన మాట కన్న, దాని వెంట పుట్టిన మాటే ఊరి సొంత మాట.

ఇక ఆ మాటల స్వరూపాన్ని కొంచెం పరిశీలింతము. చాయ్ హోటలులో ఒక్కొక్క వేళకు ఒక్కొక్క విషయం ఉంటుంది. చీకటి విడకముందు వచ్చేవారు పాలు పోసేవారు, లారీ డ్రైవర్లు, మొదటి బస్సుకు పోయేవారు. వీరి మాటలు క్లుప్తం. ఏ దారిలో లారీ పడిపోయింది, పంతంగి టోలు గేటు వద్ద బండ్లు ఎంతసేపు నిలిచాయి అన్నవి వీరి వార్తలు. ఎండ పొడిచిన తరువాత పత్రిక వస్తుంది, దానితో రాజకీయం వస్తుంది. పొద్దు గూకే వేళకు రైతులు వస్తారు. అప్పుడు పత్తి ధర, బత్తాయి తోట, కూలీల కొరత ముచ్చటకు వస్తాయి. వేళ ఏదైనా, మనిషి ఎవరైనా, చివరకు మాట తిరిగి తిరిగి ఒకే చోటికి చేరటం మేము గమనించాము. అది నీరు.

“ఏం బావా, బోరు మంచిగ పోస్తున్నదా?”

“ఏం పోసుడో బావా, పావుగంట పోసి గంటసేపు ఆగుతున్నది.”

క్షేమ సమాచారం అడిగే పద్ధతి ఇది. ‘బాగున్నావా’ అని అడుగుటకు బదులు ‘బోరు పోస్తున్నదా’ అని అడుగుతారు. రెంటి అర్థమూ ఒకటే. ఈ ఒక్క పలకరింపులో ఈ ప్రాంతపు భూగర్భశాస్త్రమంతా ఇమిడి ఉన్నదని చెప్పవచ్చు. నల్లగొండ నేల అడుగున ఉన్నది గట్టి రాయి, గ్రానైటు. ఇసుక నేలవలె అది నీటిని అంతటా పీల్చుకొని దాచుకోదు. రాతిలోని పగుళ్ళలో మాత్రమే నీరు నిలుస్తుంది. పగులు తగిలినవానికి నీరు, తగలనివానికి అప్పు. ఒకే గట్టుకు అటువైపు బోరు నిండుగా పోసి, ఇటువైపు బోరు దుమ్ము పోయటానికి కారణం ఇదే. వాన తగ్గి, పగుళ్ళు ఎండితే ఇరువురి గతీ ఒకటే.

నీటి కొరత ఒక ఎత్తు, నీటి గుణం మరొక ఎత్తు. ఆ గ్రానైటు రాతిలోని కొన్ని ఖనిజాలనుండి ఫ్లోరైడు నెమ్మదిగా నీటిలో కరుగుతుంది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు ఉంటే మంచిదని, వేరే దిక్కు లేనిచోట ఒకటిన్నర మిల్లీగ్రాము వరకు సహించవచ్చునని మన దేశపు ప్రమాణం. ఈ జిల్లాలోని అనేక గ్రామాలలో బావులు, బోర్లు ఆ హద్దును ఎంతో మీరినాయి. ఏండ్ల తరబడి అట్టి నీరు తాగితే పండ్ల మీద పసుపు, గోధుమ చారలు ఏర్పడతాయి; ఎముకలు గిడసబారుతాయి; నడుము వంగి తిరిగి లేవదు. ఇక్కడ మన చాయ్‌ని గూర్చి కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. నీరు కాచితే దోషం పోతుందని చాలామంది నమ్మకం. కాచినందువల్ల సూక్ష్మజీవులు నశిస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరి అయిన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. పైగా తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడును తన ఆకులలో దాచుకొనే స్వభావం కలది. అనగా, నీటి బాధను గూర్చి ముచ్చటిస్తూ తాగే గ్లాసులోనే ఆ బాధ కొంత ఉండేదన్నమాట. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే ఒక విధానాన్ని నాగపూరులోని జాతీయ పరిశోధనా సంస్థ 1970ల దశకములో రూపొందించింది. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. మన జిల్లా పేరు ప్రపంచపు శాస్త్ర గ్రంథాలకు ఎక్కింది. కాని, అట్టి కీర్తి మాకు లేకున్నా బాగుండునని అనుకొననివారు ఇక్కడ ఎవరు?

బల్ల మీది మాట బల్ల మీదనే ఆరిపోతుందని భావించేవారికి నల్లగొండ 1996లో ఒక పాఠం చెప్పింది. సాగునీటికి, తాగునీటికి చేసుకొన్న విన్నపాలు ఆలకించేవారు లేరని, ఆ సంవత్సరపు లోక్‌సభ ఎన్నికలలో ఈ ఒక్క నియోజకవర్గం నుంచే 480 మంది అభ్యర్థులు నిలిచారు. దుశ్చర్ల సత్యనారాయణగారి నాయకత్వములోని జలసాధన సమితి పిలుపుతో పోటీ చేసినవారే వారిలో అధిక సంఖ్యాకులు. గెలుపు కోసం నిలిచినవారు కారు. తమ బాధను దేశం చదువవలెనని నిలిచినవారు. బ్యాలెట్ కాగితం పుస్తకం వలె తయారయింది. గెలిచినవారు బొమ్మగాని ధర్మభిక్షంగారు. ఇట్లు అభ్యర్థులు కోకొల్లలుగా నిలిచిన అనుభవాల పిమ్మట ఆ సంవత్సరమే చట్టాన్ని సవరించి, లోక్‌సభకు పోటీ చేసే సాధారణ అభ్యర్థి ధరావతును 500 రూపాయలనుంచి 10,000 రూపాయలకు పెంచారు. వేల బల్లల మీద ఏండ్లుగా నలిగిన మాట ఒకనాడు బ్యాలెట్ మీదికి ఎక్కింది. ఊరి ముచ్చటకు ఉన్న శక్తికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

తరువాతి మార్పులు కూడా ముచ్చటలో ప్రతిఫలించాయి. నదీజలాన్ని శుద్ధి చేసి కుళాయిల ద్వారా ఇండ్లకు చేర్చే మిషన్ భగీరథ పథకపు పైలాను 2015 జూన్ 8వ తేదీన నార్కట్‌పల్లికి పొరుగున ఉన్న చౌటుప్పల్‌లో ఆవిష్కృతమైంది. నార్కట్‌పల్లి మండలములోనే ఉన్న బ్రాహ్మణవెల్లెంల ఎత్తిపోతల పథకం 2007లో మొదలై, 2024 డిసెంబరు నెలలో ప్రారంభమైంది. శంకుస్థాపననాడు పుట్టిన బిడ్డ, ప్రారంభమైన నాటికి పదవ తరగతి దాటే వయస్సుకు వచ్చాడు. ఆ పదిహేడేండ్ల నిరీక్షణను లెక్కగట్టినది ఏ దస్త్రమో మాకు తెలియదు గాని, హోటలు బల్ల మాత్రం ప్రతి వేసవిలో లెక్కగట్టింది.

ఇంతవరకు వినవచ్చిన మాటలను గూర్చి చెప్పాము. వినరాని మాటలను గూర్చి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. అద్దం ముందు నిలిచినవారు మాత్రమే అద్దములో కనిపిస్తారు. హోటలు బల్ల ముందు నిలువనివారు ఎవరు?

డబ్బు ఇచ్చిన ప్రతివానికీ చోటు ఇస్తానని హోటలు చేసిన వాగ్దానాన్ని ముందు ప్రస్తావించాము. అనేక తెలుగు పల్లెలలో ఆ వాగ్దానం దళితుల పట్ల భగ్నమైంది. అందరికీ ఒక గ్లాసు, వారికి వేరొక గ్లాసు. అందరికీ బల్ల, వారికి నేల. తాగిన గ్లాసును వారే కడిగి వేరుగా బోర్లించవలెను. రెండు గ్లాసుల పద్ధతి అని పేరుపొందిన ఈ దురాచారాన్ని మన రాజ్యాంగం ఏనాడో నిషేధించింది. హోటళ్ళలోనికి ప్రవేశాన్ని కులం పేర అడ్డుకొనరాదని 15వ అధికరణం, అస్పృశ్యత రద్దు అయినదని 17వ అధికరణం ఘోషిస్తున్నాయి. 1955లో చట్టం వచ్చింది. 1976లో దానిని కఠినతరం చేశారు. 1989లో మరొక చట్టం వచ్చింది. అయినప్పటికీ 2001లో నివేదిక సమర్పించిన జస్టిస్ పున్నయ్యగారి సంఘం, ఉమ్మడి రాష్ట్రపు పల్లెలలో ఈ పద్ధతి ఇంకను మిగిలి ఉన్నదని తెలియజేసింది. నేడు అన్ని చోట్లకూ కాగితపు గ్లాసు వచ్చింది. అందరిదీ ఒకే గ్లాసు, తాగి పారవేయటమే. అది భేదాన్ని తుడిచివేసిందా, లేక కంటికి కనబడకుండా చేసిందా అన్న ప్రశ్నకు సమాధానం గ్లాసులో దొరకదు. బల్ల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తే దొరుకుతుంది.

ఇక స్త్రీలు. నీటిని గూర్చి గంటలకొద్దీ చర్చించే బల్ల మీద, ఆ నీటిని బిందెలతో మోసిన స్త్రీ ఎన్నడూ కూర్చోలేదు. ఆమె ముచ్చట చేతిపంపు వద్ద, నాటు వేసే మడిలో, పత్తి ఏరే చేనులో జరిగింది. ఫ్లోరైడు వలన నడుము వంగి గడప దాటలేనివారి మాట కూడా హోటలు దాకా రాలేదు. అందరికంటె ఎక్కువ బాధ పడినవారే బల్లకు అందరికంటె దూరమైనారు. కనుక చాయ్ హోటలు ఊరికి అద్దమే అయినా, అది గోడకు కొంచెం ఒరిగి వ్రేలాడే అద్దం. అందులో కొందరు పెద్దగా కనిపిస్తారు, కొందరు అసలే కనిపించరు. చూచేవారు ఆ ఒరుగును గుర్తుంచుకొని చూడాలి.

ఈ పాఠం మాకు తేలికగా అబ్బలేదు. ఒకప్పుడు తాగునీటిని గూర్చి మేము ఎంతో శ్రమపడి ఒక కార్యక్రమం తయారుచేశాము. నిపుణులు మాట్లాడారు, అధికారులు మాట్లాడారు, అంకెలన్నీ సరిచూచుకొన్నాము. ప్రసారమైన మర్నాడు ఆ దారిన పోతూ, మేమెవరమో చెప్పకుండా, ఒక హోటలు ముందు కూర్చుండి కదిలించి చూచాము. ఒక వృద్ధుడు గ్లాసు కింద పెట్టి, “నీళ్ళ సంగతి మస్తుగ చెప్పిండ్రు బిడ్డా. నీళ్ళు మోసేటోళ్ళను ఒక్కలను గూడ అడగకపోతిరి” అన్నాడు. మేము మారు పలుకలేకపోయాము. ఆయన మమ్ము గుర్తించాడో లేదో ఇప్పటికీ తెలియదు. ఆ తరువాత నీటిని గూర్చి చేసిన ఏ కార్యక్రమములోనూ బిందె మోసినవారి గొంతు లేకుండా మేము ప్రసారం చేయలేదు.

నిజానికి ఈ సూత్రం రేడియోకు కొత్తది కాదు. 1956లో పూనా ప్రాంతములో సుమారు 150 గ్రామాలలో ఆకాశవాణి ఒక ప్రయోగం చేసింది. ఊరివారు కొందరు కలిసి కార్యక్రమం వినటం, విన్నదాని మీద చర్చించటం, తమ సందేహాలను కేంద్రానికి తిరిగి వ్రాయటం దాని పద్ధతి. ఆ విజయాన్ని చూచి 1959లో దేశమంతటా రేడియో గ్రామీణ గోష్ఠులు ఏర్పరచారు. వినటంతో సగం పని అవుతుంది, విన్నదానిని గూర్చి నలుగురూ మాట్లాడుకొంటేనే పూర్తి అవుతుందని నాటివారు గ్రహించారు. చాయ్ హోటలు ఈ పనిని ఏ ఉత్తరువూ లేకుండానే చేస్తూ వచ్చింది.

నేడు ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను ఉన్నది. బల్ల మీద నలుగురు కూర్చుండి నాలుగు తెరలను చూచుకొంటున్న దృశ్యం నార్కట్‌పల్లిలోనూ అపురూపం కాదు. వదంతి పూర్వంకన్న వేగంగా పరుగెత్తుతున్నది. అయినా వదంతికి విరుగుడు కూడా ఆ బల్ల మీదనే ఉన్నది. తెర మీది అబద్ధానికి పేరూ ఊరూ ఉండవు. బల్ల మీద అబద్ధం ఆడినవాడు మర్నాడు పొద్దున్నే అక్కడికే వచ్చి చాయ్ తాగవలసి ఉంటుంది. “నిన్న గట్ల చెప్తివి గదా” అని అడిగేవాడు ఎదురుగా కూర్చుండి ఉంటాడు. ముఖాముఖి మాటలో ఉన్న ఈ పూచీ మరి దేనిలోనూ లేదు.

కనుక పాఠకులకు మా విన్నపం ఇది. ఈసారి నార్కట్‌పల్లి మీదుగా పోయేటప్పుడు, పెద్ద రహదారి మీద కాక, ఊరిలోనికి తిరిగి, ఒక చిన్న హోటలు ముందు పది నిమిషాలు కూర్చోండి. అక్కడ ఏమి మాట్లాడుకొంటున్నారో వినండి. ఎవరు మాట్లాడటం లేదో కూడా గమనించండి. ఆ పిమ్మట ఇంటికి పోయి, ఇదే పరీక్షను మీ సొంత వీధిలోని హోటలుకు పెట్టి చూడండి. అక్కడి బల్ల మీద కనబడనివారు ఎవరో తెలుసుకొని, వారిని ఒక్కమాట పలుకరించండి. ‘బోరు పోస్తున్నదా’ అని అడిగినా చాలు. తక్కిన ముచ్చట వారే చెబుతారు.